నంబరు పోయినవాడిదే నేరమా?

ఫోన్ నంబరు చేజారితే తప్పు దాన్ని కాపాడుకోలేని మనిషిదేనన్న అభిప్రాయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. రీచార్జ్ చేయించలేదు కనుక నంబరు పోయిందంటారు. బ్యాంకులో కొత్త నంబరు ఎక్కించుకోలేదు కనుక ఖాతా చిక్కుల్లో పడిందంటారు. ఆధార్ కేంద్రానికి పోలేదు కనుక పథకం సొమ్ము ఆగిందంటారు. నంద్యాలలో బ్యాంకు కౌంటర్ దగ్గరా, ఆళ్లగడ్డలో సెల్ షాపు దగ్గరా వినిపించేది ఇదే మాట. చదువుకున్న పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను విసుక్కునేదీ ఈ మాటతోనే. 2023 చివర్లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యంలోనూ దాదాపు ఇదే వైఖరి నెగ్గింది. ఇంతమంది ఒప్పుకున్న ఈ అభిప్రాయం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. ఫోన్ చందాదారుల రికార్డును రాసేది కంపెనీ. దాన్ని మార్చేదీ, కొట్టేసేదీ, అదే నంబరును ఇంకొకరి పేర రాసిచ్చేదీ కంపెనీయే. ఏ రోజు ఏ నంబరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో కచ్చితంగా తెలిసినదీ ఆ కంపెనీకే. తెలిసినవాడు నోరు విప్పనక్కర్లేదు, తెలియనివాడు మాత్రం పది ఆఫీసులు తిరిగి చెప్పుకోవాలి అనడం న్యాయం కాదు. రికార్డులు నిర్వహించే పద్ధతి అంతకన్నా కాదు.

ఈ రికార్డు ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే తప్పు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మన నంబరు సిమ్ కార్డులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నంబరును నిలబెట్టేది కార్డు కాదు. కార్డులో ఉండేది ఐఎంఎస్ఐ అనే పదిహేను అంకెల గుర్తింపు సంఖ్య, దానితో పాటు బయటికి కనిపించని ఒక రహస్య సంకేతం. ఆ పదిహేను అంకెల్లో మొదటి మూడూ దేశాన్ని చెబుతాయి. మనకు అవి 404 లేదా 405. తర్వాతి అంకెలు కంపెనీని, టెలికాం సర్కిల్‌ను చెబుతాయి. మిగిలినవి ఆ కార్డు సొంతం. మనం డయల్ చేసే పది అంకెల నంబరు కంపెనీ డేటాబేసులో ఆ గుర్తింపు సంఖ్య పక్కన రాసిపెట్టిన ఒక పద్దు, అంతే. 2జీ, 3జీ కాలంలో ఈ డేటాబేసును హోమ్ లొకేషన్ రిజిస్టర్ అన్నారు. 4జీలో హెచ్ఎస్ఎస్, 5జీలో యూడీఎం అని పేరు మారింది కానీ చేసే పని అదే. ఆళ్లగడ్డ బస్టాండులో ఎవరైనా ఫోన్ ఆన్ చేస్తే అక్కడి టవర్లను నడిపే ఎక్స్ఛేంజి ఎక్కడో ఉన్న ఆ రిజిస్టర్‌ను అడుగుతుంది. ఈ కార్డు మనదేనా, దీనికి ఏ సేవలు ఇవ్వాలి, ఏవి ఆపాలి అని తెలుసుకుని, ఇప్పుడు ఇది ఆళ్లగడ్డలో ఉందని అందులో రాయిస్తుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడి నుంచి ఫోన్ చేసినా కాల్ దారి పట్టేది ఆ పద్దును చూసే. ఈ రిజిస్టర్‌లో మనిషి పేరు, ఊరు, ఫొటో ఉండవు. అవి సిమ్ కొన్నప్పుడు నింపిన దరఖాస్తుతో పాటు వేరే చోట ఉంటాయి. అంటే ఒకే నంబరుకు రెండు రికార్డులు ఉన్నాయి. ఒకటి నెట్‌వర్కుకు కార్డు ఎక్కడుందో చెప్పేది, మరొకటి మనిషి ఎవరో చెప్పేది. మనిషి రికార్డు ఎంత తప్పుల తడకగా ఉన్నా నెట్‌వర్కు ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కంపెనీకి నష్టం లేని తప్పు కనుక అది దిద్దబడకుండా ఉండిపోతుంది.

ఒకప్పుడు ఈ తప్పు వల్ల ఎవరికీ పెద్ద నష్టం ఉండేది కాదు. నంద్యాలకు 08514, ఆళ్లగడ్డకు 08519 అని ల్యాండ్‌లైన్ కోడ్‌లు పెట్టిన రోజుల్లో ఫోన్ నంబరు ఒక ఇంటికి, ఆ ఇంటికి వచ్చిన తీగకు కట్టుబడి ఉండేది. మొబైల్ వచ్చిన తొలి ఏళ్లలోనూ అది మాట్లాడుకోవడానికి మాత్రమే. నంబరు మారితే బంధువులకు చెప్పుకుంటే సరిపోయేది. తర్వాత ఆ పది అంకెలకు ఒక్కొక్కటిగా మన బతుకంతా తగిలించారు. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. యూపీఐ ఖాతా దానిమీదే నడుస్తుంది. ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకునే చాలా పనులకు అందులో ఉన్న నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ ఒక ప్రధానమైన దారి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టాక సర్టిఫికెట్లు, బిల్లులు, దర్శనం టికెట్లు కూడా ఫోన్ దారికి వచ్చాయి. వీటిలో దేన్నీ చందాదారుడు కోరి తగిలించుకోలేదు. నంబరునే తాళంచెవి చేయాలని నిర్ణయించినవి బ్యాంకులు, ప్రభుత్వాలు, కంపెనీలు. వాటికి అది చౌక, సులువు. అలాంటప్పుడు ఆ తాళంచెవి ఇంకొకరి చేతికి వెళ్లిన సంగతి తెలుసుకునే భారం కూడా ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల మీదే మొదట పడాలి.

ఇప్పుడు నంబరు ఎలా పోతుందో చూద్దాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే తప్ప ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయకూడదు. ఖాతాలో కనీసం 20 రూపాయలున్నా నంబరును నిలబెట్టే ఏర్పాటు ఉండాలని కూడా అందులో ఉంది. వాడకం అంటే చేసిన కాల్ ఒక్కటే కాదు, వచ్చిన కాల్ కూడా వాడకమే. ఈ చివరి మాట చాలా ముఖ్యం. 2003 నుంచి ఇన్‌కమింగ్ కాల్‌కు డబ్బు తీసుకోని పద్ధతి మన దేశంలో అలవాటైంది. రీచార్జ్ చేయలేకపోయినా పిలిస్తే పలికే ఫోన్‌గా అది పేదవాడి దగ్గర ఉండిపోయేది. 2018 చివర్లో పెద్ద కంపెనీలు నెలకు కనీసం 35 రూపాయలు వేస్తేనే కనెక్షన్ అన్న పద్ధతి పెట్టాయి. ఖాతాలో డబ్బున్నా కనెక్షన్ ఆపేస్తున్నారని ఫిర్యాదులు రావడంతో అప్పట్లో ట్రాయ్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ 35 తర్వాత పెరుగుతూ పోయింది. 2024 జులైలో ధరలు పెంచాక 28 రోజుల మామూలు ప్లాన్ ఒక కంపెనీలో 189, మరొక కంపెనీలో 199 రూపాయలైంది. ప్లాన్ గడువు తీరితే బయటికి వెళ్లే కాల్ వెంటనే ఆగుతుంది, కొద్ది రోజుల్లో లోపలికి వచ్చేదీ ఆగుతుంది. హోమ్ రిజిస్టర్‌లో ఆ పద్దు ఎదురుగా కాల్స్ ఆపమని రాసేది కంపెనీయే. ఆ తర్వాత 90 రోజులు కాల్ రాలేదు, పోలేదు, కాబట్టి వాడకం లేదని లెక్కగట్టేదీ ఆ కంపెనీయే. తాను తలుపు మూసి, ఎవరూ లోపలికి రాలేదని నమోదు చేసుకోవడం ఇది. దీన్ని చందాదారుడి నిర్లక్ష్యమని ఏ లెక్కన అంటారు?

ఇది ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. నంద్యాల జిల్లాలో కేసీ కాలువ కింద, తెలుగుగంగ కింద పంట పెట్టే రైతు చేతిలో డబ్బు ఆడేది పంట అమ్మాకే. అతనికి 28 రోజుల చొప్పున వచ్చే ఖర్చు ఆదాయంతో కలవదు. అహోబిలం, రుద్రవరం వైపు నల్లమల అంచున, చెంచు గూడేల్లో సిగ్నల్ దొరికే చోటు వెతుక్కోవలసిన పరిస్థితి ఇంకా ఉంది. అక్కడ ఫోన్ మూడు నెలలు పలకకపోవడం వింత కాదు. రాయలసీమ నుంచి కువైట్, సౌదీ పోయినవాళ్లు ఇక్కడి నంబరును ఏళ్ల తరబడి రీచార్జ్ చేస్తూ కూర్చోలేరు. తిరిగి వచ్చేసరికి బ్యాంకు పుస్తకంలో తమ నంబరే ఉంటుంది, ఫోన్ ఎత్తేది వేరే మనిషి. ఇంకో సంగతి మనం తరచు మరిచిపోతాం. చాలా ఇళ్లలో ఆడవాళ్ల ఖాతాకు, ముసలివాళ్ల ఆధార్‌కు ఇచ్చిన నంబరు భర్తదో కొడుకుదో అయివుంటుంది. సిమ్ ఒకరి పేర, ఫోన్ ఒకరి చేతిలో, దాని మీద ఆధారపడిన ఖాతాలు ముగ్గురివి. కొడుకు ఆఫర్ చూసి కొత్త సిమ్ తీసుకుంటే తల్లి ఖాతా తాళం పోతుంది, ఆ సంగతి ఆమెకు తెలిసే అవకాశమే లేదు. ఇంటి యజమాని చనిపోతే ఆ నంబరును వారసుల పేర మార్చుకునే వీలుంది, కానీ కర్మకాండల నడుమ ఫోన్ రీచార్జ్ గుర్తుండేది ఎవరికి? నిర్లక్ష్యం అనే ఒక్క మాట కింద వీళ్లందరినీ జమకట్టడం నాకు క్రూరంగా అనిపిస్తుంది.

నంబరు తిరిగి అమ్ముడుపోయాక జరిగేది ఇద్దరికీ ప్రమాదమే. పాత మనిషి బ్యాంకు సందేశాలు కొత్త మనిషికి వస్తాయి. పాత మనిషి అప్పుల కోసం ఏజెంట్లు కొత్త మనిషిని వేధిస్తారు. కొత్త మనిషి మంచివాడైతే విసుగుతో పోతుంది, కాకపోతే డబ్బుతో పోతుంది. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ లీ, అరవింద్ నారాయణన్ 2021లో అక్కడి రెండు పెద్ద కంపెనీలు కొత్త చందాదారులకు ఇవ్వజూపుతున్న 259 నంబర్లను పరిశీలించారు. వాటిలో 171 నంబర్లకు ఇంకా పాత యజమానుల ఆన్‌లైన్ ఖాతాలు అతుక్కునే ఉన్నాయి. మూడింట రెండు వంతులన్నమాట. నంబరే సర్వస్వం కాని, చదువూ కంప్యూటరూ ఇంటింటా ఉన్న దేశంలో పరిస్థితి ఇది. అక్కడ ఇంతమంది తమ ఖాతాలు విప్పుకోలేకపోయారంటే లోపం మనుషుల అజాగ్రత్తలో కాక ఏర్పాటులో ఉందని అర్థం. ప్రతి ముగ్గురిలో ఇద్దరు చేయలేని పనిని పౌరుడి కనీస బాధ్యత అని పిలవకూడదు.

సుప్రీంకోర్టు మాట ఇక్కడ ఎదురవుతుంది. జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ధర్మాసనం మొదట చెప్పిన 2023 నాటి వ్యాజ్యాన్ని ముగిస్తూ, రద్దయిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరన్న ట్రాయ్ వివరణను నమోదు చేసింది. పాత చందాదారుడు తన వాట్సాప్ ఖాతాను తీసేసి, సమాచారాన్ని వేరే చోట దాచుకుంటే దుర్వినియోగం జరగదని, అది అతను తీసుకోవలసిన జాగ్రత్తేనని అన్నది. 45 రోజులు వాడకం లేని ఖాతాను మరో ఫోన్‌లో తెరిస్తే పాత డేటాను వాట్సాప్ తీసేస్తుందన్న విషయం కూడా కోర్టు ముందుంది. ఆ కేసు వాట్సాప్ గురించి, తన నంబరు వదులుకుంటున్నానని ముందే తెలిసిన మనిషి గురించి. అలాంటి మనిషికి ఆ సలహా సరిపోతుంది. నంబరు పోతున్నదని తెలియకుండానే పోగొట్టుకున్నవాడికి ఆ సలహా ఎలా వర్తిస్తుంది? ఫోన్ మూగబోయాక వాట్సాప్ ఖాతా తీసేయడం సంగతి అటుంచండి, బ్యాంకులో నంబరు మార్చాలన్నా చాలాసార్లు మొదట పాత నంబరుకే ఓటీపీ పంపుతామంటారు. చనిపోయినవాడు ఏ ఖాతా తీసేస్తాడు? ఒక ప్రత్యేక సందర్భంలో వచ్చిన తీర్పును తెచ్చి మొత్తం బాధ్యతల పంపకానికి సూత్రంగా వాడుకోవడం ఆ తీర్పుకే న్యాయం చేయదు.

చందాదారుడి మార్పును అందరికీ తెలియజేయడం సాంకేతికంగా కష్టమని కంపెనీల వైపు నుంచి వచ్చే వాదన. దీన్ని కంపెనీల చరిత్రే కొట్టేస్తుంది. 2011 జనవరి 20న దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం వచ్చింది. 2015 జులై నుంచి సర్కిల్ దాటినా అదే నంబరు ఉంచుకోవచ్చు. నంద్యాలలో ఒకరు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారితే ఆ సంగతి కేంద్రీకృత డేటాబేసుకు చేరి, అక్కడి నుంచి దేశంలోని ప్రతి టెలికాం సంస్థకూ అందుతుంది. అందకపోతే కాల్ ఎటు పంపాలో, ఎవరికి ఎంత చెల్లించాలో వాటికి తెలియదు. తమ లెక్కలు తప్పకూడదు కనుక ఆ సమాచారం ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది. ఇంకా పెద్ద ఉదాహరణ 2018 మే నెలలో జరిగింది. టెలినార్ ఇండియా ఎయిర్‌టెల్‌లో కలిసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు సర్కిళ్ల చందాదారుల రికార్డులు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారాయి. నంబర్లు అవే ఉండిపోయాయి, చందాదారుడు దరఖాస్తు పెట్టుకోవలసిన పని రాలేదు. అదే ఏడాది ఆగస్టులో వొడాఫోన్, ఐడియా కలిశాయి. మరుసటి ఏడాది టాటా టెలీసర్వీసెస్ మొబైల్ వినియోగదారులు ఎయిర్‌టెల్‌కు వచ్చారు. కోట్ల రికార్డులను చెక్కుచెదరకుండా తరలించగలిగిన వాళ్లు రద్దయిన నంబర్ల జాబితాను ఏ రోజుకారోజు బ్యాంకులకు, ఆధార్ సంస్థకు పంపలేమంటే నమ్మడం ఎలా? చేతకాక కాదు, చేయమని గట్టిగా చెప్పినవాళ్లు లేక.

నంబర్లు పరిమితం, వాడనివాళ్ల దగ్గర ఉంచితే కొత్తవాళ్లకు దొరకవు అనేది మరో వాదన. దీనిలో కొంత నిజముంది, అందుకే జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలిపేస్తున్నారు. హోమ్ రిజిస్టర్ నుంచి పద్దును తీసేయడం ఒకటి. ఆ నంబరును ఇంకొకరికి ఇవ్వడం మరొకటి. రిజిస్టర్‌లో ప్రతి పద్దుకూ స్థలం, సాఫ్ట్‌వేర్ ఖర్చు ఉంటాయి కనుక వాడకం లేని పద్దును తీసేస్తామంటే ఒప్పుకోవచ్చు. కానీ తీసేసిన నంబరును ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టడానికి రిజిస్టర్‌లో చోటు అక్కర్లేదు. ఇక కొరత మాట. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న పద్ధతిని 2021 జనవరి 15 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం ఏమిటి? ఆ చిన్న మార్పుతో దాదాపు 250 కోట్ల కొత్త నంబర్లకు వీలు కలుగుతుందనే కదా. దేశ జనాభా కన్నా ఎక్కువ నంబర్లకు దారి తెరిచి, మూడు నెలలు దాటిన నంబరును మాత్రం ఇంకొకరికి ఇవ్వక తప్పదనడం పొసగదు. అమెరికాలో ఆ గడువు 45 రోజులే కదా, మన 90 నయమే కదా అని కొందరంటారు. అక్కడ గడువుతో ఆపలేదు. 2021 నవంబరు నుంచి చేతులు మారిన నంబర్లకు ఒక జాతీయ డేటాబేసు పెట్టారు. ఫలానా తేదీ తర్వాత ఈ నంబరు పాత చందాదారుడి నుంచి తొలగిపోయిందా అని అడిగితే అవుననో కాదనో చెబుతుంది. గడువు చిన్నదైనా కబురు అందే దారి ఉంది.

మన ప్రభుత్వం ఇన్నేళ్లుగా శ్రద్ధ పెట్టింది సిమ్ అమ్మే చోట. దొంగ సిమ్‌లు ఆగితే రికార్డు తనంతట తానే శుభ్రపడుతుందన్నది ఈ శ్రద్ధ వెనక ఉన్న నమ్మకం. 2017 మార్చి 23న టెలికాం శాఖ ప్రతి నంబరునూ ఆధార్‌తో మళ్లీ ధ్రువీకరించాలని ఉత్తర్వు ఇచ్చింది. జనం సెల్ షాపుల ముందు వేలిముద్రల కోసం బారులు తీరారు. ఆ వేలిముద్రలతోనే అడగకుండా పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిచారని, గ్యాస్ సబ్సిడీ అందులోకి వెళ్లిందని తేలి, 2017 డిసెంబరులో ఆధార్ సంస్థ ఒక కంపెనీ ఈ-కేవైసీ అనుమతినే కొంతకాలం నిలిపివేసింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం టెలికాం శాఖ ఉత్తర్వును కొట్టేసింది. 2021లో మన పేర ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపే పోర్టల్‌ను టెలికాం శాఖ మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ప్రారంభించింది. 2023 మేలో సంచార్ సాథీ అనే పోర్టల్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 52 లక్షల కనెక్షన్లు రద్దు చేశామని, 67,000 మంది డీలర్లను నిషేధించామని ప్రకటించారు. 2024 జనవరి నుంచి కాగితం దరఖాస్తులు ఆగిపోయాయి. ఇవి పనికిరాని చర్యలని నేననను. మనకు తెలియకుండా మన పేర ఉన్న సిమ్‌ను చూపించే ఆ పోర్టల్ నిజంగా మేలు చేసింది. కానీ ఇవన్నీ రికార్డు పుట్టే చోట కాపలా. నిన్న నిఖార్సైన వేలిముద్రతో పుట్టిన రికార్డు నాలుగేళ్ల తర్వాత చెడిపోతుంది, అదీ ఏ మోసమూ జరగకుండానే. కేవైసీ ఎంత గట్టిదైనా కొత్త చందాదారుడు ఎవరో చెబుతుందే కానీ పాత చందాదారుడి ఖాతాలు ఎక్కడెక్కడ ఆ నంబరుకు తగులుకుని ఉన్నాయో చెప్పదు. పైపెచ్చు ఆ నంబరుకు ఇప్పుడు చట్టబద్ధమైన కొత్త యజమాని ఉన్నాడు కనుక పాత మనిషి పోరాడటానికి ఆధారమే మిగలదు.

చేయదగిన పని ఏమిటో నియంత్రణ సంస్థలకు తెలియదనీ కాదు. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు తన కిందనున్న సంస్థలకు ఒక ఆదేశమిచ్చింది. రద్దయిన నంబర్ల జాబితాను టెలికాం శాఖ వేదిక నుంచి తీసుకుని తమ ఖాతాదారుల నంబర్లతో సరిచూసుకోవాలని అందులో ఉంది. ఆ తర్వాత యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, యూపీఐ నంబర్ల విషయంలో బ్యాంకులు, యాప్‌లు కనీసం వారానికొకసారి ఈ సరిచూపు చేయాలన్నది. ఇవి నా వాదనను ఒప్పుకున్నట్టే. నంబరు చేతులు మారిన సంగతి ఖాతాదారుడు వచ్చి చెప్పేదాకా ఆగనక్కర్లేదని, సంస్థలే తెలుసుకోవచ్చని, తెలుసుకోవాలని అవి అంగీకరించాయి. అయితే రిజర్వు బ్యాంకు ఆదేశం ఆర్థిక సంస్థల వరకే. పంట నమోదుకు, రేషన్ కార్డుకు, పీఎం కిసాన్‌కు, ఆధార్‌కు అది వర్తించదు. బ్యాంకుకు కబురు అందినా రైతు పేరు ముందు ఉన్న పాత నంబరు రైతు సేవల జాబితాలో అలాగే ఉండిపోతుంది. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చాలంటే ఏళ్ల తరబడి చాలామందికి కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయక తప్పలేదు. రుద్రవరం దగ్గర పల్లె నుంచి ఆళ్లగడ్డకో నంద్యాలకో రావాలంటే ఒక రోజు కూలి పోయేది, బస్సు చార్జీలు వేరే.

రద్దయిన నంబర్ల జాబితా అందరికీ ఇస్తే అది మోసగాళ్ల చేతికి చిక్కదా అన్న సందేహం సమంజసమైనదే. అందుకే పూర్తి జాబితాను అందరి ముందూ పరచాలని నేననడం లేదు. సంస్థ తన దగ్గరున్న నంబరును, దాన్ని నమోదు చేసిన తేదీని ఇచ్చి అడిగితే మారిందా లేదా అన్న ఒక్క జవాబు చాలు. పేరు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, కొత్త యజమాని ఎవరన్నది అసలే అక్కర్లేదు. ఖాళీగా పడి ఉన్న నంబర్లను నేరగాళ్లు వాడుకుంటారన్న వాదన కూడా నిలవదు. ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన నంబరుకు కార్డూ లేదు, రిజిస్టర్‌లో పద్దూ లేదు. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ప్రమాదమంతా దాన్ని త్వరగా తిరిగి అమ్మడంలోనే ఉంది.

ఒక ప్రభుత్వం తన రికార్డు మార్పు భారాన్ని తానే మోయగలదని ఈ ప్రాంతానికి తెలుసు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆళ్లగడ్డ, చాగలమర్రి, శిరివెళ్ల, ఉయ్యాలవాడ మండలాల జనం ఒక్క అడుగు కదలకుండానే వాళ్ల జిల్లా మారిపోయింది. ఆధార్‌లో, పట్టాదారు పుస్తకాల్లో కర్నూలు జిల్లా అని ఉన్నంత మాత్రాన ఆ కాగితాలు చెల్లకుండా పోలేదు. మార్పు చేసింది ప్రభుత్వం కనుక పాత పేరునూ కొత్త పేరునూ కలిపి చదువుకునే బాధ్యత ఆఫీసులు తీసుకున్నాయి. జిల్లా విషయంలో సహజమనిపించిన ఈ పద్ధతి ఫోన్ నంబరు విషయంలో ఎందుకు అసహజమైపోయింది? ఒకటి ప్రభుత్వ నిర్ణయం, మరొకటి వ్యాపార నిర్ణయం అన్న తేడా తప్ప నాకు వేరే తేడా కనిపించదు. వ్యాపార నిర్ణయమైతే బాధ్యత తగ్గుతుందని చెప్పే న్యాయం ఏదీ లేదు.

2024 డిసెంబరులో ట్రాయ్ డేటా లేని, మాటలకూ సందేశాలకూ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు పెట్టాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని చెప్పింది. మంచి నిర్ణయమే. కానీ దాదాపు ఏడాది ఉండే అలాంటి ప్లాన్లు 1,700 రూపాయల పైనే వచ్చాయి. నంబరును బతికించుకోవడానికి మాత్రమే అంత మొత్తం ఒకేసారి కట్టగలిగే ఇల్లు ఏ పల్లెలో ఎన్ని ఉంటాయి? 2013 నాటి 20 రూపాయల సూత్రాన్ని ఈ కాలానికి తగినట్టు బతికించాలి. కాల్ చేసే హక్కు లేకపోయినా, ఓటీపీలూ ప్రభుత్వ సందేశాలూ అందేలా తక్కువ రుసుముతో నంబరును నిలిపి ఉంచే వీలు ప్రతి కంపెనీలో ఉండాలి. ఇన్‌కమింగ్‌ను కంపెనీయే ఆపిన రోజులను వాడకం లేని రోజులుగా లెక్కించకూడదు. రద్దయిన నంబరును ఇంకొకరికి ఇచ్చే ముందు గడువు ఏడాదికి తక్కువ ఉండకూడదు. ఆ ఏడాదిలో బ్యాంకులు, ఆధార్ సంస్థ, రాష్ట్ర పథకాల శాఖలు అన్నీ దాన్ని తమ జాబితాల నుంచి విప్పి, ఆ సంగతి ఖాతాదారుడికి వేరే దారిలో చేరవేయాలి. 2019 అక్టోబరు నుంచి ఊరూరా గ్రామ సచివాలయాలున్నాయి. నెలనెలా పింఛను ఇవ్వడానికి సిబ్బంది ఇంటికే వస్తున్నారు. మీ పేర ఉన్న నంబరు రద్దయింది, ఇప్పుడు ఏ నంబరు రాయమంటారు అని అడగడానికి వేరే వ్యవస్థ కట్టనక్కర్లేదు.

ఇక కంపెనీల వంతు. సిమ్ ఇచ్చేటప్పుడు దరఖాస్తులో రెండో నంబరు ఒకటి రాయించుకుంటారు, ఇంట్లో వాళ్లదో చుట్టాలదో. అమ్మకం పూర్తయ్యాక ఆ గడి వైపు చూడాలన్న నియమమేదీ కంపెనీని కట్టడి చేయడం లేదు. రద్దు చేయడానికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, రద్దు చేసిన రోజు ఒకసారి ఆ రెండో నంబరుకు తెలుగులో సందేశమూ, చదవలేని వాళ్ల కోసం తెలుగులో కాల్ కూడా వెళ్లి తీరాలని లైసెన్సు షరతుల్లో రాయాలి. పంపినట్టు రుజువు చూపలేని పక్షంలో ఆ నంబరును తిరిగి అమ్మే హక్కు కంపెనీకి ఉండకూడదు, ఆ నంబరు మీదుగా పోయిన సొమ్ముకు పూచీ కూడా కంపెనీదే కావాలి.